ముందు ఫోర్కు దించితే సీటు ఎంత దిగుతుంది?

నేల నుంచి సీటుకున్న ఎత్తు రాయల్ ఎన్‌ఫీల్డ్ 2016లో తెచ్చిన 411 సీసీ హిమాలయన్‌లో 800 మిల్లీమీటర్లు కాగా, హీరో ఎక్స్‌పల్స్ 200లో 823, 2020లో వచ్చిన కేటీఎం 390 అడ్వెంచర్‌లో 855 మిల్లీమీటర్లు. ఐదడుగుల పొడవున్నవారికి తొడ మొదలు నుంచి మడమ వరకు ఉండే కాలి పొడవు సుమారు 700 మిల్లీమీటర్లే కాబట్టి, ఇటువంటి బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మునివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి. రోడ్డు ఒకవైపు వాలుగా ఉంటే అదీ కష్టమే. ఈ ఇబ్బందికి తరచుగా వినిపించే సలహా ముందు ఫోర్కును దించమని, ఎందుకంటే దానికి కొత్త విడిభాగమేదీ కొనవలసిన పనిలేదు. అయితే ఈ మార్పు సీటును దించేది స్వల్పమేననీ, దాని అసలు ప్రయోజనం వేరే ఉందనీ గ్రహించకుండా చేస్తే బండి నడకే చెడుతుంది.

ఒకదానిలో ఒకటి జారే గొట్టాలలో స్ప్రింగునూ నూనెనూ అమర్చి, గతుకుల తాకిడిని మింగేలా రూపొందించిన నిర్మాణాన్ని టెలిస్కోపిక్ ఫోర్కు అంటారు. నూనె ఒత్తిడితో ఊగిసలాటను అణచే ఈ ఫోర్కు 1935లో బీఎండబ్ల్యూ ఆర్12తో మార్కెట్లోకి వచ్చి, క్రమంగా ప్రపంచమంతటా స్థిరపడింది. దీని రెండు కాళ్లనూ హ్యాండిల్ కింద, మెకానిక్‌లు ‘టీ’ అని పిలిచే రెండు పలకలు బోల్టులతో పట్టి ఉంచుతాయి. ఆ బోల్టులను వదులు చేసి గొట్టాలను పైకి జరిపితే, అవి పై పలక మీదుగా ఎంత పొడుచుకువస్తే బండి ముందుభాగం దాదాపు అంత కిందికి దిగుతుంది.

‘దాదాపు’ అనడానికి కారణముంది. ఫోర్కు నిటారుగా కాక ఏటవాలుగా ఉంటుంది కనుక, గొట్టాన్ని 20 మిల్లీమీటర్లు జరిపితే ముందుభాగం నిలువుగా దిగేది 18 మిల్లీమీటర్లే. రైడరు కూర్చునే చోటు వెనక చక్రానికి దగ్గరగా, రెండు ఇరుసుల నడుమ దూరంలో వెనక నుంచి సుమారు ఐదింట రెండు వంతుల దగ్గర ఉంటుంది కాబట్టి, ఆ 18లో సీటుకు దక్కేది ఏడు మిల్లీమీటర్లు, అంటే రెండు సాధారణ చెప్పుల అట్టల మందమంత కూడా ఉండదు. వెనక సస్పెన్షన్‌ను అంతే దించితే సీటు పదకొండు మిల్లీమీటర్ల వరకు దిగుతుంది. కనుక కురచవారి కోసం బండిని దించడమంటే ప్రధానంగా వెనకభాగాన్ని దించడమే. ముందుభాగాన్ని దించేది, వెనక జరిగిన మార్పుకు బండి కొలతలు సరితూగేలా చేయడానికి.

ఆ సరితూగడం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ట్రెయిల్ అనే భావనను అర్థం చేసుకోవాలి. హ్యాండిల్ తిరిగే అక్షాన్ని ఊహలో నేల వరకు పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటు కంటే ముందు పడుతుంది. ఆ రెండు బిందువుల నడుమ దూరమే ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కింది చక్రం ఎటు లాగితే అటు వెనకాలే వచ్చినట్టు, ఈ దూరం వల్లనే ముందు చక్రం తనంతట తాను తిన్నగా మళ్లుతుంది. ఇరుసుల మధ్య 1465 మిల్లీమీటర్లున్న హిమాలయన్ వంటి బండిలో ముందుభాగం ఒక్కటే 18 మిల్లీమీటర్లు దిగితే అక్షం ముప్పావు డిగ్రీకి కాస్త తక్కువగా నిటారై, ట్రెయిల్ నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుంది. సందుల్లో బండి తేలిగ్గా తిరిగినా, హైవే మీద వేగం పెరిగినప్పుడు హ్యాండిల్ నిలకడ కోల్పోవచ్చు. వెనకను మాత్రమే దించితే ఇందుకు విరుద్ధంగా ట్రెయిల్ పెరిగి, మలుపుల్లో హ్యాండిల్ బరువెక్కుతుంది. రెండింటినీ సమంగా దించినప్పుడే తయారీదారు నిర్ణయించిన కోణం నిలుస్తుంది.

గొట్టాలను జరపడంలో మరో ప్రమాదముంది. ఫోర్కు కుంగే దూరం మారదు కానీ, చక్రం మాత్రం జరిపినంత మేర టీకి దగ్గరవుతుంది. లోతైన గుంటలో ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు మడ్‌గార్డు టీకో, రేడియేటరుకో తగిలితే చక్రం పట్టేయవచ్చు. అందుకే స్ప్రింగులు తీసి, ఫోర్కును చివరిదాకా కుంగదీసి ఖాళీ ఎంత మిగిలిందో కొలవకుండా ఈ పని చేయడం ప్రాణాలతో చెలగాటమే. ఖరీదైన మార్గం, ఫోర్కు లోపల చిన్న గొట్టపు ముక్క అమర్చి అది చాచుకునే దూరాన్నే తగ్గించడం. 200 మిల్లీమీటర్ల కదలిక 175కు పరిమితమై గతుకులు కొంచెం గట్టిగా తెలిసినా, చక్రం ఎక్కడా తగలదన్న భరోసా ఉంటుంది.

బండి దిగినప్పుడు సైడ్ స్టాండు అదే పొడవులో మిగిలిపోతుంది కాబట్టి బండి నిటారుగా నిలిచి, చిన్న తోపుకే అవతలివైపు పడిపోతుంది. స్టాండును కురచ చేయించక తప్పదు. ఇంజిన్ అడుగు కూడా నేలకు దగ్గరవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తుతో నున్నగా ఉండాలి. ఊళ్లలో ఎదురయ్యే నిటారు దిబ్బలకు ఆ పోలిక లేదు కనుక, దించిన బండి అడుగు వాటికి తగలవచ్చు.

ఇంతదూరం వెళ్లకముందే చూడవలసింది స్ప్రింగు బిగింపు. స్ప్రింగును ముందుగానే కొంత అదిమి ఉంచే ఈ అమరికను ప్రీలోడ్ అంటారు. కురచవారు తరచుగా తేలికగానూ ఉంటారు కనుక వారి బరువుకు బండి కుంగవలసినంత కుంగదు. వెనక ప్రీలోడ్ తగ్గిస్తే పైసా ఖర్చు లేకుండా సీటు కొంత దిగుతుంది. సీటు అంచులు సన్నగా చెక్కించి, మందమైన అడుగున్న బూట్లు వేసుకుంటే ఇంకొంత దూరం తగ్గుతుంది. ఒంటికాలు నిండుగా ఆనితే చాలునన్న సాధన ఉన్నవారికి, ముఖ్యంగా ఎత్తు చూసి ఇష్టమైన బండిని వదులుకొమ్మని సలహాలు వినే మహిళలకు, చాలాసార్లు ఇదే సరిపోతుంది.

అప్పటికీ ఫోర్కును దించాలనుకుంటే బండిని ఇంజిన్ కింద గట్టిగా నిలిపి, ఒక్కో విడతలో ఐదు మిల్లీమీటర్లకు మించకుండా, రెండు కాళ్లనూ స్కేలుతో కొలిచి సమంగా జరపాలి. తయారీదారు చెప్పిన బలంతోనే బోల్టులు బిగించాలి, అతిగా బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టం లాగుకుంటుందేమో చూసి, హెడ్‌లైటు వాలు సరిచేసి, ఖాళీ రోడ్డుపై కొన్ని కిలోమీటర్లు నడిపాక అవే బోల్టులను మరోసారి పరీక్షించాలి.