అబిడ్స్ చర్చిల్లో వేసవి: పిల్లల బడి, యూత్ అన్న సెలవులు

2024లోనూ 2025లోనూ తెలంగాణ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులిచ్చారు. అంటే 49 రోజులు. హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి, చాదర్‌ఘాట్ చర్చిల్లో యువజనుల పని చూసేవాళ్లకు ఏడాది మొత్తంలో ఊపిరి సలపని రోజులు ఇవే. పెద్దలు వాళ్లను ‘బ్రదర్’ అనీ ‘సిస్టర్’ అనీ పిలుస్తారు. పిల్లలకు మాత్రం అన్న, అక్క. కొందరు సంఘం దగ్గర జీతం తీసుకుంటారు. చాలామంది పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రం నేరుగా చర్చికే వస్తారు.

ఈ ప్రాంతానికి బడితో, చర్చితో ఉన్న బంధం పాతది. మూసీకి ఉత్తరాన, బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన పేటలన్నిటినీ ఒకప్పుడు చాదర్‌ఘాట్ అనే అనేవారు. సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలు 1834లో, ఆల్ సెయింట్స్ 1855లో, స్టాన్లీ బాలికల పాఠశాల 1895లో మొదలయ్యాయి. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్ కథీడ్రల్ 1875 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచింది. ఈ సంచిక చదివేవారిలో ఈ బడుల బెంచీల మీద కూర్చుని అమెరికా దాకా వెళ్లినవారు తప్పక ఉంటారు.

వేసవి బైబిలు బడిని అందరూ వి.బి.ఎస్. అనే అంటారు. ఎండ ముదరకముందే పిల్లలు చేరాలి, ఎండ నెత్తికెక్కేలోపు ఇళ్లకు చేరాలి. అందుకే పొద్దున్నే మొదలవుతుంది. చేతులు ఊపుతూ, గెంతుతూ పాడే యాక్షన్ సాంగ్స్, బైబిలు కథ, కంఠత వాక్యం, రంగు కాగితాలతో చేతిపని, మధ్యలో బిస్కెట్లు, ఓ గ్లాసు రస్నా. చివరి రోజున అమ్మానాన్నల ముందు పాటలు, నాటిక, బహుమతులు. ఆ కొద్దిరోజుల కోసం తయారీ ఎన్నో వారాల ముందే మొదలవుతుంది. టీచర్లకు శిక్షణ, పుస్తకాలు తెప్పించడం, చందాలు, ఏ వయసు పిల్లలను ఏ గదిలో కూర్చోబెట్టాలన్న లెక్క, ఆటోలో వచ్చే పిల్లను తిరిగి ఎవరు దింపాలన్న బెంగ, అన్నీ యూత్ అన్న ఒక్కడి నోటుబుక్కులోనే ఉంటాయి.

సెలవుల్లో పిల్లలను వెతుక్కుంటూ వెళ్లడం చర్చికి కొత్త కాదు. 1868 వేసవిలో వేల్స్‌లోని లండడ్నో తీరానికి సెలవులకు వెళ్లిన జోసయ్య స్పియర్స్ ఇసుకలో ఒక వాక్యం రాసి, గులకరాళ్లతో, గవ్వలతో దాన్ని అలంకరించమని పిల్లలను పిలిచాడు. స్క్రిప్చర్ యూనియన్ అనే సంస్థ మొదటి రోజుల ముచ్చట ఇది. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆమె వీధుల్లో తిరిగే పిల్లల కోసం బైబిలు బడి పెట్టాలనుకుంది. వేరే చోటు దొరక్క బీరు దుకాణాన్ని అద్దెకు తీసుకుంది. మన వి.బి.ఎస్. మూలాల్లో ఆ దుకాణం కూడా ఉంది.

మన వి.బి.ఎస్.ల అసలు బలం కుర్రకారు. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లే పిల్లలకు టీచర్లు. అయితే మే నెలలో ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష ఉంటుంది. పొద్దున కథ చెప్పిన అమ్మాయి మధ్యాహ్నం కోచింగ్‌కు పరుగెత్తాలి. ఫలితాలొచ్చిన రోజు మార్కులు తగ్గిన పిల్లవాడి ఇంటికి ముందుగా వెళ్లాల్సింది యూత్ అన్నే. ఈ వ్యాసరచయిత దృష్టిలో మైకులో చెప్పే సందేశం కంటే ఆ అరగంట పెద్ద పరిచర్య. పైగా పెళ్లిళ్లు! లెంటు రోజుల్లో పెళ్లిళ్లు చేయరు కాబట్టి ఈస్టర్ దాటాక ముహూర్తాలన్నీ వేసవి మీదే పడతాయి. వాటికి పాటల బృందం కావాలి, వడ్డించేవాళ్లు కావాలి.

మరి యూత్ అన్న ఇంట్లోవాళ్ల సంగతి? భార్య వి.బి.ఎస్.లో చిన్నపిల్లల క్లాసు చూస్తుంది. సొంత పిల్లలు ముందువరసలో కూర్చుంటారు. ఆ హడావిడంతా ముగిశాకే అమ్మమ్మగారి ఊరు. కోస్తా జిల్లాల వాళ్లయితే నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. 1974 నుంచి నడుస్తున్న ఆ బండి కాజీపేట దాటి డోర్నకల్ మీదుగానే వెళుతుంది. ఆ ఊరికి 1909లో వచ్చిన వి.ఎస్. అజరయ్య అంతకుముందు 14 ఏళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాదిలో యువకుల మధ్య తిరిగినవాడు. తిరునెల్వేలి తమిళుడైనా ఇక్కడ తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యాడు. యువజనుల పని పెద్ద పరిచర్యకు ముందు చేసే చిల్లర పని అనుకునేవారు ఆయన జీవితాన్ని ఒకసారి చూడాలి.

యూత్ అన్న కుటుంబం చేసే ఆ ఊరి ప్రయాణం కూడా తరచుగా కుదించుకుపోతుంది. ఆదివారానికల్లా తిరిగి రమ్మని ఫోను వస్తుంది. వి.బి.ఎస్. తేదీలు ప్రకటించే కాగితం మీదే యూత్ వర్కర్ సెలవు తేదీలను కూడా సంఘ పెద్దలు అచ్చువేయాలి. ఆ వారం ఆయన పనిని ఫలానావారు చూస్తారని పేరుతో సహా చెప్పాలి. అప్పుడే ఫోను ఆగుతుంది.

ప్రవాసులు చేయగల పనీ ఒకటుంది. అమెరికాలో బడులకు సెలవులు జూన్, జూలైలలో. మన పిల్లలు నానమ్మ ఇంటికి చేరేసరికి ఇక్కడ వి.బి.ఎస్. ముగిసి, బడులు తెరిచేసి ఉంటాయి. కాలేజీలో చదివే అన్నలు, అక్కలు కాస్త ముందుగా మే నెలలోనే వస్తే, ఒక క్లాసు బాధ్యత తీసుకోవచ్చు. తెలుగు తడబడినా ఫరవాలేదు, పాటలు పిల్లలే నేర్పుతారు. రావాలనుకునేవారు మార్చి లోపలే సంఘానికి చెప్పాలి, టీచర్ల శిక్షణ ముందుగానే జరుగుతుంది కనుక.