పాఠం 9: ఎయిర్ ఫ్రయ్యర్‌లో తెల్ల చేప ముక్కల వంట

9.1 పరిచయం

క్రిందటి పాఠంలో చేపల పులుసు, నూనెలో వేయించే చేపల వేపుడు గురించి చదివారు. ఈ మధ్య కాలంలో చాలా ఇళ్ళలోకి ఎయిర్ ఫ్రయ్యర్ అనే విద్యుత్ పరికరం వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 2010లో ఈ పేరుతో ఒక పరికరాన్ని ప్రవేశపెట్టింది. ఆ తరువాత అనేక కంపెనీలు ఇలాంటివే తయారు చేశాయి. కొద్దిపాటి నూనెతో వేపుడు చేసుకోవచ్చునని వీటిని కొంటున్నారు.

బంగాళాదుంప ముక్కల వరకు ఇబ్బంది ఉండదు. చేప దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఒక ఇంట్లో ముక్క పైన పాలిపోయి, లోపల పీచులాగా ఎండిపోతుంది. మరో ఇంట్లో పైన ఎర్రగా కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదటి దానివల్ల డబ్బు పెట్టి కొన్న చేప వృథా అవుతుంది. రెండవ దానివల్ల తిన్నవారికి జబ్బు చేయవచ్చు.

ఈ రెండింటికీ మూలం ఒక్కటే. పరికరం పేరులో వేపుడు ఉంది గాని అది చేసే పని వేపుడు కాదు. అది చిన్న వేడిగాలి ఓవెన్. వేడిగాలి చేప ముక్కను ఏం చేస్తుందో తెలిస్తే, ముక్కను ఎలా సిద్ధం చేయాలో, ఎప్పుడు బయటికి తీయాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఎయిర్ ఫ్రయ్యర్ పనిచేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• తెల్ల చేప త్వరగా ఎండిపోవడానికి కారణం చెప్పగలుగుతారు.
• ముక్క మందాన్ని బట్టి వండే సమయాన్ని నిర్ణయించగలుగుతారు.
• చేప ఉడికిందో లేదో పరీక్షించగలుగుతారు.
• పరికరాన్ని ప్రమాదం లేకుండా వాడగలుగుతారు.

9.3 ఎయిర్ ఫ్రయ్యర్ ఎలా పనిచేస్తుంది?

పరికరం పై భాగంలో విద్యుత్‌తో వేడెక్కే తీగచుట్ట ఉంటుంది. దాని మీద ఒక ఫ్యాను ఉంటుంది. ఫ్యాను తిరిగినపుడు వేడిగాలి వేగంగా కిందికి వచ్చి, రంధ్రాలున్న బుట్టలోని పదార్థం చుట్టూ తిరిగి మళ్ళీ పైకి పోతుంది. ఇలా కదిలే గాలి ద్వారా వేడి చేరడాన్ని ఉష్ణ సంవహనం అంటారు.

నూనె కూడా వేడిని అందిస్తుంది. కాని ఒకే ఉష్ణోగ్రత వద్ద నూనె ఇచ్చినంత త్వరగా గాలి వేడిని ఇవ్వలేదు. 180 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న ఓవెన్‌లోకి క్షణకాలం చేయి పెట్టి తీసినా బొబ్బలెక్కదు. అదే వేడి ఉన్న నూనె చుక్క పడితే చర్మం కాలిపోతుంది. కాబట్టి నూనెలో నాలుగైదు నిమిషాల్లో వేగే ముక్కకు ఎయిర్ ఫ్రయ్యర్‌లో రెట్టింపు సమయం పట్టవచ్చు.

వేడిగాలి చేసే రెండవ పని తడిని తీసుకుపోవడం. ఎండాకాలం వడగాలి వీచే రోజున దండెం మీది బట్టలు ఎంత త్వరగా ఆరుతాయో మీకు తెలుసు. సముద్రతీరంలో చేపలను ఎండబెట్టేవారికి ఎండతోపాటు గాలి కూడా కావాలి. ఎయిర్ ఫ్రయ్యర్‌లోని ముక్కకు జరిగేది కూడా అదే. ముక్క పైభాగం ఆరడం మనకు కావలసినదే. తడి ఉన్నంతసేపు పైభాగం సుమారు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రటి రంగు, వేపుడు వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అయితే ముక్కను ఎక్కువసేపు ఉంచితే పైతడితో ఆగకుండా లోపలి నీరు కూడా పోతుంది. పైభాగం త్వరగా ఆరాలి, లోపలి తడి నిలవాలి. ఈ పాఠంలోని సూచనలన్నీ ఈ ఒక్క విషయం కోసమే.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 9.1

1. ఎయిర్ ఫ్రయ్యర్‌లో వేడి ఏ పద్ధతిలో పదార్థానికి చేరుతుంది?
2. తడిగా ఉన్న చేప ముక్క త్వరగా ఎర్రబడకపోవడానికి కారణమేమి?

9.4 తెల్ల చేప స్వభావం

కండ తెల్లగా ఉండి, కొవ్వు తక్కువగా ఉండే చేపలను తెల్ల చేపలు అంటారు. ఇలాంటి చేప కండలో సాధారణంగా నూటికి 80 పాళ్ళ వరకు నీరు, 15 నుంచి 20 పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు కొద్దిగానే ఉంటుంది. కానాగంత వంటి కొవ్వు చేపలు కాస్త ఎక్కువ వేగినా, ఆ కొవ్వు వాటిని మెత్తగా ఉంచుతుంది. తెల్ల చేపకు ఆ రక్షణ లేదు.

చేప కండ పొరలు పొరలుగా అమరి ఉంటుంది. పొరలను కలిపి ఉంచే కణజాలం పలచనిది. వేడి తగలగానే అది కరిగి పొరలు విడిపోతాయి. అందుకే చేప మాంసం కన్నా త్వరగా ఉడుకుతుంది. వేడి మరీ పెరిగితే మాంసకృత్తులు ముడుచుకొని తమలోని నీటిని, తడిబట్టను పిండినట్లు బయటికి నెట్టేస్తాయి. ముక్క గట్టిపడటానికి కారణం ఇదే.

ఫిల్లెట్ అంటే వెన్నెముకకు పక్కగా పొడవునా కోసి తీసిన, ముల్లు లేని కండ ముక్క. మన మార్కెట్లలో బాసా పేరుతో అమ్మే పంగాసియస్, పండుగప్ప, తిలాపియా చేపల ఫిల్లెట్లు దొరుకుతాయి. పంగాసియస్‌ను ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెంచుతున్నారు. పండుగప్పను దుకాణాల్లో సీ బాస్ అని కూడా అంటారు. బాసా, సీ బాస్ ఒకే చేప కాదు. ధరలోనూ తేడా ఉంటుంది. పేరు సరిగా చూసి కొనండి. శీలావతి, బొచ్చె చేపల కండలో సన్నని ముళ్ళు ఎక్కువ. అందువల్ల వాటిని అడ్డంగా కోసిన ముక్కలుగానే వాడటం మంచిది.

9.5 చేపను ఎంచుకోవడం, సిద్ధం చేయడం

తాజా ముక్క బిగువుగా ఉంటుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోదు. పుల్లని వాసన, ఘాటైన వాసన ఉంటే కొనవద్దు. పాడైన చేపను ఎంత వేడి చేసినా మంచి చేప కాదు. గడ్డకట్టిన ప్యాకెట్ కొంటే నికర బరువు చూడండి. ముక్కల మీద మంచు పూత ఉంటుంది. కొన్నిటిలో నీటిని పట్టి ఉంచే ఫాస్ఫేటు లవణాలు కూడా కలుపుతారు. ఆ వివరం లేబుల్ మీద ఉంటుంది. అలాంటి ముక్క వండేటప్పుడు నీరు ఎక్కువగా వదలుతుంది.

గడ్డకట్టిన చేపను గట్టు మీద పెట్టి వదిలేయకండి. ముందురోజు రాత్రి ప్యాకెట్ కోసి, ముక్కలను మూత ఉన్న గిన్నెలో వేసి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. గిన్నె లేకపోతే నీరు కారి కూరగాయల మీద పడుతుంది.

తరువాత ఈ వరుసలో పని చేయండి.

మొదట ముక్క మీద వేలు నడిపి చూడండి. ఫిల్లెట్‌లో కూడా అప్పుడప్పుడు ముల్లు మిగిలి ఉంటుంది. పిల్లలకు, వృద్ధులకు పెట్టేటప్పుడు ఇది తప్పనిసరి.

రెండవది, శుభ్రమైన గుడ్డతో రెండువైపులా తడి లేకుండా తుడవండి. ఇందాక చెప్పుకొన్న సూత్రానికి ఇదే ఆచరణ. ఆ గుడ్డను వెంటనే వేడినీళ్ళలో సబ్బుతో ఉతకండి.

మూడవది మసాలా. 300 గ్రాముల ముక్కలకు అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను కారం, పావు టీస్పూను పసుపు, అర టీస్పూను ధనియాల పొడి, ఒక టీస్పూను అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు టీస్పూన్ల నూనె కలిపి పట్టించండి. నీళ్ళు పోయవద్దు. పదిహేను నిమిషాలు చాలు. నిమ్మరసంలో ఎక్కువసేపు నానితే పైకండ చిట్లిపోతుంది. కాబట్టి నిమ్మకాయ వడ్డించేటప్పుడు పిండండి.

నాలుగవది, ఒక టేబుల్ స్పూను బియ్యపు పిండి గాని బొంబాయి రవ్వ గాని పైన పలచగా అద్దండి. బజ్జీల పిండి వంటి జారుడు పిండి ఇక్కడ పనికిరాదు. నూనెలో అది పడగానే గట్టిపడుతుంది. వేడిగాలిలో గట్టిపడేలోగా బుట్ట రంధ్రాల్లోంచి జారిపోతుంది.

రెండు టీస్పూన్ల నూనె అంటే 10 మిల్లీలీటర్లు, అనగా సుమారు 9 గ్రాములు. ఒక గ్రాము కొవ్వు 9 కిలో కాలరీలు ఇస్తుంది. కాబట్టి ముక్కలన్నిటికీ కలిపి నూనె నుంచి వచ్చేది సుమారు 80 కిలో కాలరీలు మాత్రమే. అసలు నూనె లేకుండా వండాలనుకోకండి. ఈ పలచని పొర పిండిని తడిపి, రంగు సమంగా రావడానికి తోడ్పడుతుంది.

9.6 వండే పద్ధతి

పరికరాన్ని ఖాళీగా 3 నుంచి 5 నిమిషాలు వేడి చేయండి. బుట్టకు కొద్దిగా నూనె రాయండి. ముక్కలను ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. ఒకదాని మీద ఒకటి వేస్తే గాలి తిరగక, ముక్కలు ఆవిరికి మెత్తబడతాయి. తోక వైపు సన్నగా ఉన్న భాగాన్ని కిందికి మడిస్తే ముక్క అంతా ఒకే మందంగా ఉంటుంది.

సమయాన్ని ముక్క బరువును బట్టి కాక, ఎక్కువ మందం ఉన్న చోటును బట్టి లెక్కించాలి.

• 1 సెంటీమీటరు మందం: 190 డిగ్రీల వద్ద 6 నుంచి 8 నిమిషాలు
• 2 సెంటీమీటర్ల మందం: 190 డిగ్రీల వద్ద 10 నుంచి 12 నిమిషాలు
• 3 సెంటీమీటర్ల మందం: 180 డిగ్రీల వద్ద 13 నుంచి 16 నిమిషాలు

పరికరాన్ని బట్టి ఇవి కొంత మారుతాయి. కనుక తక్కువ సమయం పెట్టి, పరీక్షించి, అవసరమైతే రెండేసి నిమిషాలు పెంచండి. తక్కువైన వేడిని పెంచుకోవచ్చు, పోయిన నీటిని తిరిగి తేలేము. పలచని ముక్కను తిప్పితే విరిగిపోతుంది, తిప్పనవసరం లేదు. మందపు ముక్కను సగం సమయం గడిచాక వెడల్పాటి అట్లకాడతో ఒకసారి తిప్పండి.

9.7 ఉడికిందని ఎలా తెలుసుకోవాలి?

రంగును నమ్మవద్దు. కారం, పసుపు పట్టించిన ముక్క పైన ముందుగానే ఎర్రబడుతుంది. మందమైన చోట చెంచా మొనతో మెల్లగా తెరిచి చూడండి. ఉడికిన కండ పాలవలె తెల్లగా ఉండి, పొరలుగా విడిపోతుంది. గాజువలె మెరుస్తూ అంటుకొని ఉంటే ఇంకా పచ్చిగా ఉన్నట్లే. వంట థర్మామీటరు ఉంటే ముక్క మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ రావాలి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, అనారోగ్యంతో ఉన్నవారు తినే చేప విషయంలో ఈ పరీక్షను విడిచిపెట్టకండి.

మిగిలిన ముక్కలను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటే మన వేసవిలో ఈ గడువు ఒక గంట మాత్రమే.

9.8 విద్యుత్ జాగ్రత్తలు

మీ పరికరం 1500 వాట్లది అనుకొందాం. 1500ను 230 వోల్టులతో భాగిస్తే సుమారు 6.5 ఆంపియర్లు వస్తుంది. గదిలోని చిన్న సాకెట్ 6 ఆంపియర్ల కోసం ఏర్పాటు చేసినది. అందువల్ల పరికరాన్ని 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌కే తగిలించాలి. ప్లగ్ మార్చే అడాప్టర్లు, పలచని ఎక్స్‌టెన్షన్ తీగలు వాడితే అవి వేడెక్కి కాలిపోవచ్చు. ఖర్చు సంగతి చూస్తే, 15 నిమిషాలు ఆగకుండా పనిచేసినా 0.375 యూనిట్ మించదు.

వెనుకవైపు వేడిగాలి పోవడానికి ఖాళీ వదలండి. ఖాళీ బుట్టలో కాగితం పరచి వేడి చేయకండి. గాలికి అది ఎగిరి తీగచుట్టకు తగిలి అంటుకొంటుంది. వంట అయ్యాక ప్లగ్ తీసి, చల్లారిన తరువాతే బుట్టను మెత్తని స్పాంజితో కడగండి. ఇనుప పీచు వాడితే పూత లేచిపోతుంది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 9.2

1. జారుడు పిండి ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఎందుకు పనికిరాదు?
2. పైన ఎర్రబడిన ముక్కను ఉడికినట్లుగా ఎందుకు భావించరాదు?
3. 1500 వాట్ల పరికరాన్ని ఏ సాకెట్‌కు తగిలించాలి?

9.9 చేసి చూడండి

ఒకే మందం ఉన్న రెండు ముక్కలు తీసుకోండి. తుడిచి, మసాలా, పిండి పట్టించి విడివిడిగా తూచండి. రెండింటినీ కలిపి వండండి. మొదటి ముక్కను ఉడికిన వెంటనే తీయండి. రెండవదాన్ని మరో 5 నిమిషాలు ఉంచండి. మళ్ళీ తూచండి. ఉదాహరణకు 150 గ్రాముల ముక్క 120 గ్రాములైతే తగ్గినది 30 గ్రాములు, అంటే 20 శాతం. రెండు ముక్కల తరుగును పోల్చి, రుచి చూసి, తేడాను మీ నోటు పుస్తకంలో రాయండి. మీ ఇంటి పరికరానికి సరిపోయే సమయం ఏదో ఈ లెక్క వల్ల మీకు తెలుస్తుంది.

9.10 మీరు నేర్చుకొన్నది

ఎయిర్ ఫ్రయ్యర్ వేడిగాలితో వండుతుంది. ఆ గాలి పదార్థంలోని తడిని తీసుకుపోతుంది. తెల్ల చేపలో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ. అందువల్ల పైతడిని ముందే తుడిచి, పలచగా నూనె, పొడిపిండి పట్టించి, మందాన్ని బట్టి సమయం పెట్టి, పొరలు విడిపోగానే తీయాలి.

జవాబులు

9.1: 1. ఉష్ణ సంవహనం ద్వారా. 2. తడి ఉన్నంతసేపు పైభాగం ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఎర్రబడటానికి అది చాలదు.

9.2: 1. గట్టిపడేలోగా రంధ్రాల్లోంచి జారిపోతుంది. 2. కారం, పసుపు వల్ల లోపల ఉడకకముందే పైన రంగు వస్తుంది. 3. 16 ఆంపియర్ల పవర్ సాకెట్‌కు.