ఒక చుట్టు తిరిగొస్తే మారిపోయే జవాబు

ఒక ప్రమేయం ఎలా మారుతుందో చెప్పి, ఆ ప్రమేయమేదో కనుక్కోమంటే అది అవకలన సమీకరణం. చలరాశులు సంకీర్ణ సంఖ్యలు, ప్రమేయాలు హోలోమార్ఫిక్, అంటే ప్రతి బిందువు దగ్గరా ఘాత శ్రేణిగా రాయగలిగినవి అనుకుందాం. అప్పుడు ఒక బిందువు చుట్టుపక్కల సాధన దొరకడం కష్టం కాదు. ప్రధాన గుణకం, అంటే అన్నిటికన్నా పై క్రమపు అవకలజం ముందుండే గుణకం, అక్కడ సున్నా కాకుంటే చాలు. కోషీ మొదలుపెట్టిన ఈ పనికి 1875లో సోఫియా కోవలెవ్‌స్కాయా సాధారణ రూపమిచ్చారు. ముక్కముక్కగా దొరికిన సాధనలను ప్రాంతమంతటికీ ఒకే సాధనగా కలపడంలోనే చిక్కుంది.

సున్నాను తీసేసిన సంకీర్ణ తలంలో, u అవకలజం 1/z కావాలనుకోండి. z = 1 దగ్గర u విలువ సున్నా అనుకుని, 1 వ్యాసార్ధం గల వృత్తం మీద గడియారం దిశకు వ్యతిరేకంగా నడుద్దాం. పావు చుట్టుకు u విలువ iπ/2, సగానికి iπ, చుట్టు పూర్తయ్యేసరికి 2πi, అంటే సుమారు 6.283i. బయల్దేరిన చోటికే వచ్చాం, విలువ మాత్రం సున్నా కాదు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో గర్భగుడి చుట్టూ తిరిగే భక్తుడు ప్రతిసారీ అదే ద్వారం ముందుకు వస్తాడు, లెక్క మాత్రం ఒకటి పెరుగుతుంది. ఇదీ అంతే. కాకపోతే ప్రదక్షిణ గడియారం దిశలో సాగుతుంది కాబట్టి అలా తిరిగితే మన విలువ చుట్టుకు 2πi చొప్పున తగ్గుతుంది.

అదే తలంలో 1/z బదులు 1/z² పెడితే ఇబ్బందే లేదు. సాధన −1/z, ఎన్ని చుట్లు తిరిగినా మారదు. అంటే రంధ్రమున్న ప్రాంతంలో కొన్ని సమీకరణాలకు సాధన ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రంధ్రం చుట్టూ సమాకలనం సున్నా అయితేనే సాధన ఉంటుంది.

ఇక z, w అని రెండు చలరాశులు తీసుకుందాం. u ను z పరంగా అవకలనం చేస్తే f రావాలి. w ను స్థిరంగా ఉంచితే ప్రాంతంలో ఒక కోత కనిపిస్తుంది. ప్రాంతం మొత్తంగా చూస్తే రంధ్రం లేకపోయినా, ఆ కోతలో ఉండొచ్చు. స్టైన్ ప్రాంతాలనే మంచి రకం ప్రాంతాల్లో, రంధ్రమున్న కోత ఒక్కటున్నా సాధన లేని f ఒకటి తప్పకుండా దొరుకుతుంది. కోత మీది ఏ హోలోమార్ఫిక్ ప్రమేయాన్నైనా అక్కడ ప్రాంతమంతటికీ విస్తరించవచ్చు కాబట్టి, 1/z లాంటిదాన్ని కోత మీద పెట్టి విస్తరిస్తే సరిపోతుంది.

అడ్డేమీ లేని చోటూ ఉంది. ప్రాంతం సంకీర్ణ అంతరాళమంతా అయి, గుణకాలు స్థిర సంఖ్యలైతే, సమీకరణం కుడివైపు ఏ హోలోమార్ఫిక్ ప్రమేయం ఉన్నా అంతటా చెల్లే సాధన ఉంటుందని 1950ల మధ్యలో ఫ్రెంచి గణితజ్ఞుడు బెర్నార్ మాల్‌గ్రాంజ్ నిరూపించారు. కుంభాకార ప్రాంతాల్లోనూ ఇది నిజమే.

ఈ విద్య మనదేశానికి రావడంలో ఒక తెలుగువాడి చేయి ఉంది. 1920లో మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్, హోమీ భాభా పిలుపుమీద 1949లో బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చేరి గణిత విభాగాన్ని నిర్మించారు. ప్రపంచంలోని పెద్ద గణితజ్ఞులను అక్కడికి రప్పించారు. సంకీర్ణ మానిఫోల్డుల మీద లోరాన్ ష్వార్జ్ ఇచ్చిన ఉపన్యాసాలు 1955లోనూ, అనేక సంకీర్ణ చలరాశుల మీద మాల్‌గ్రాంజ్ ఇచ్చినవి 1958లోనూ నోట్సుగా వెలువడ్డాయి. రాసుకున్నది కుర్ర పరిశోధకులైన ఎం.ఎస్. నరసింహన్, రాఘవన్ నరసింహన్.

ఆ నోట్సు ఇవాళ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. సంకీర్ణ విశ్లేషణ చదివే మన పీజీ విద్యార్థులు పరీక్షల తర్వాతైనా మాల్‌గ్రాంజ్ నోట్సు తెరవాలి.