తాతల నేతులూ తాలూకా దస్త్రాలూ

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మన కుటుంబ చరిత్రల్లో చాలావాటికి పీఠికగా సరిపోతుంది. పూర్వం వంశచరిత్ర రాయించుకునే స్తోమతు రాజులకీ జమీందార్లకీ ఉండేది. కృతిభర్త వంశాన్ని కొనియాడటం ప్రబంధకవి పనుల్లో ఒకటి. ఇప్పుడు పాత పత్రికలూ, ప్రభుత్వ రికార్డులూ కొన్ని కంప్యూటర్లలోకి ఎక్కటంతో ఉపాధ్యాయులూ గుమాస్తాలూ కూడా తమ తాతముత్తాతల కోసం వెతుకుతున్నారు. ఇది మంచి మార్పు. అయితే కాగితం మీద పేరు కనిపించగానే చరిత్ర దొరికిందని సంబరపడితే, పాత అవతారికలనే వచనంలో తిరగరాసినవాళ్లమవుతాం. ఏ ప్రభుత్వమూ మన వంశవృక్షం కోసం రికార్డులు రాయలేదు. శిస్తు వసూలుకి రాసింది, కూలీల రవాణాకి రాసింది, నిఘాకి రాసింది. అందువల్ల "మా తాత పేరు ఎక్కడుంది?" అనే ప్రశ్నకన్నా ముందు "మా తాత పేరు వాళ్లకెందుకు కావలసి వచ్చింది?" అనే ప్రశ్న వేసుకోవాలి.

మా ఇంటి సంగతే చెబుతాను. మా ముత్తాత మహాదాత అనీ, ఉన్న మాగాణి అంతా దానధర్మాల కింద కరిగించాడనీ మా ఇళ్లలో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. పాత జిల్లా గెజిటు సంచికలు తిరగేస్తుంటే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, భూమి వివరాలు ఒకే వరసలో కనిపించాయి. అది దానపత్రం కాదు. శిస్తు బకాయి కింద భూమిని వేలం వేస్తున్నట్టు ప్రకటన. 1864 నాటి మద్రాసు రెవిన్యూ వసూలు చట్టం కింద బకాయిదారుల భూముల్ని జప్తు చేసి వేలం వేసేవారు. ఆ పేజీలో మా ముత్తాత ఒక్కడే లేడు. అదే ఊరివాళ్లు మరి కొందరున్నారు. కాబట్టి పొలం పోవటానికి కారణం ఒక మనిషి ఔదార్యం కాదు, ఒక పన్నుల విధానం. మరి ఇంట్లో చెప్పుకున్న కథని అబద్ధమని పారెయ్యాలా? అక్కర్లేదు. భూమి ఎట్లా పోయిందో గెజిటు చెబుతుంది. భూమి పోయినవాడు ఊళ్లో తలెత్తుకు తిరగటానికి ఏం చెప్పుకోవలసి వచ్చిందో కథ చెబుతుంది. రెండూ సాక్ష్యాలే. రచయితకి రెండోది మరీ ముఖ్యం.

వెతకటంలో కొన్ని పద్ధతులు పాటించాలి. తెలిసిన తరం నుంచి తెలియని తరానికి వెనక్కి నడవాలి గాని, పేరుమోసిన పూర్వీకుణ్ణి ముందుగా ఎంచుకుని ఆయన దగ్గర్నుంచి కిందికి దిగకూడదు. రెవిన్యూ కాగితాల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. జూలైలో మొదలయ్యే ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1310 ఫసలీ అంటే 1900 జూలై నుంచి 1901 జూన్ దాకా. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. తండ్రి పేరు కూడా సరిపోతే గాని ఇద్దర్నీ ఒకరనుకోకూడదు. ఇంగ్లీషు కాగితాల్లో కాకినాడ కోకనాడ అయింది, విశాఖపట్నం విజగపటం అయింది. ఊళ్ల పేర్లకే ఆ గతి పడితే ఇంటిపేర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక ఏ రికార్డు ఎవర్ని చూస్తుందో పరిశీలిద్దాం. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను తయారు చేయించిన రిజిస్టర్లలో ఇనాందారు పేరు, వయస్సు, మొదటి గ్రహీతతో అతనికున్న బంధుత్వం రాయటానికి గళ్లున్నాయి. అగ్రహారాల కుటుంబాలకి వంశవృక్షం ఇక్కడ సగం తయారుగా దొరుకుతుంది. గ్రామసేవకి చిన్నచిన్న మాన్యాలు అనుభవించిన చాకలి, మంగలి, వెట్టి కుటుంబాల పేర్లు కూడా వీటిలో తగులుతాయి. రైతువారీ గ్రామాల సెటిల్‌మెంటు రిజిస్టరు పట్టాదారు పేరు రాస్తుంది. ఆ పొలం దున్నిన కౌలుదారుకి గాని, కలుపు తీసిన కూలికి గాని అందులో గడి లేదు. పాలేరు మనవడు ఆ రిజిస్టరంతా వెతికి ఉత్త చేతుల్తో తిరిగి రావచ్చు. తన తాత లేడన్న సంగతి కూడా అతను రాసుకు రావలసిన విషయమే.

తెలంగాణలో నిజాం కాలపు సేత్వారు వంటి భూమి రికార్డులు చదవాలంటే ఉర్దూ తెలిసినవాళ్ల సాయం కావాలి. 1946–51 మధ్య సాయుధ పోరాటం నడిచింది. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల పట్టికలు తయారయ్యాయి. 1954–55 ఖాస్రా పహాణీలో పట్టాదారుతో పాటు భూమి ఎవరి అనుభవంలో ఉందో కూడా రాశారు. దున్నేవాడి పేరుకి చట్టంలో విలువ రావటం గుమాస్తాల దయ వల్ల జరగలేదు. దాని వెనక పోరాటం ఉంది.

భూమి లేనివాళ్లని ప్రభుత్వం రెండు సందర్భాల్లో మాత్రం ఎంతో శ్రద్ధగా రాసుకుంది: వాళ్ల చాకిరీ కావలసినప్పుడు, వాళ్లంటే అనుమానం కలిగినప్పుడు. మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న నేటాల్‌లోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు నేటాల్ వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు మన తెలుగు జిల్లాలవాళ్లూ ఉన్నారు. ఓడ పట్టికలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటిమీది మచ్చలు. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి వంటి మాటలే చాలా కుటుంబాలకి ఇంటిపేర్లయిపోయి, అసలు ఇంటిపేర్లు మరుగున పడ్డాయి. ఈనాటి తరంవాళ్లు తమ ఊరేదో తెలుసుకోవటానికి ఆ పట్టికలే ఆధారం.

రెండో సందర్భం నేరస్థ జాతుల చట్టం. 1911 చట్టం మద్రాసు రాజధానికి కూడా వర్తించటంతో ఎరుకల మొదలైనవారి పేర్లూ వేలిముద్రలూ పోలీసు రిజిస్టర్లకెక్కాయి. 1952లో ఆ చట్టం రద్దయింది. మనవడు అటువంటి రిజిస్టర్లో తాత పేరు చూస్తే తలవంచుకోనక్కర్లేదు. పుట్టుకనే నేరం చేసింది ఎవరో ఆ పుస్తకం అట్ట మీదే ఉంటుంది.

స్త్రీల విషయంలో మరొక వైపరీత్యం కనిపిస్తుంది. ఆస్తిపరుల ఇళ్లలోని ఆడవాళ్లు వితంతువులైతేనో, మనోవర్తి దావా వేస్తేనో తప్ప కాగితం మీదికి రావటం అరుదు. వచ్చినా "ఫలానావారి భార్య"గా వస్తారు. కూలీ ఓడల్లో నూరుమంది మగవాళ్లకి నలభై మంది ఆడవాళ్లుండాలని నిబంధన. అందుకని చెరుకుతోటల్లో నడుం విరగ్గొట్టుకోబోయే పేద స్త్రీకి తన పేరు, తన నంబరు, తన ఎత్తు వేరుగా నమోదయ్యాయి. ఇది గౌరవం కాదు, లెక్క. అయినా ఆమె మనవరాలికి ఈనాడు నాయనమ్మ పేరు ఆ లెక్కల్లోనే దొరుకుతుంది.

పత్రికలు ఇంతకన్నా ఉదారమైనవని భ్రమపడకూడదు. 1902లో వెలువడిన కృష్ణాపత్రికలో గాని, 1914లో దినపత్రిక అయిన ఆంధ్రపత్రికలో గాని, 1926 నాటి గోలకొండ పత్రికలో గాని అధ్యక్షుల పేర్లు, వక్తల పేర్లు వెతకటం సులభం. సభకి వచ్చినవాళ్లు "అశేష ప్రజానీకం" అయిపోతారు. అందుకని వార్తలకన్నా కోర్టు ప్రకటనలు, విరాళాల పట్టికలు, మరణవార్తలు ఓపికగా చదవాలి. వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఈ సంచికల్ని కాపాడి మనకిచ్చాయి. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక ద్వారా 354 మంది కవుల్ని ఒకచోట చేర్చారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకి అది జవాబు. పేర్ల పట్టిక కూడా వాదన కాగలదని మనం అక్కడ నేర్చుకోవాలి.

కాగితం వదిలేసినవాళ్లని నోటిమాట కొంతవరకు నిలబెట్టింది. పిచ్చుకుంట్లవాళ్లు రైతు కులాల గోత్రాలు, వంశాలు పాడారు. డక్కలివాళ్లు మాదిగల కులకథ చెప్పారు. రిజిస్టర్లో తేదీ ఉంటుంది, అవమానం ఉండదు. పాటలో తేదీ ఉండదు. ఒకదాన్ని రెండోదానితో సరిచూసుకోవలసిందే.

రచయితలకి ఇదంతా ఎందుకు? గురజాడ కన్యాశుల్కం వెనక ఒక పట్టిక ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలానికి సేకరింపజేసిన కన్యాశుల్క వివాహాల లెక్క 1,034కి చేరిందని 1897 నాటి మొదటి కూర్పు పీఠికలో ఆయన పేర్కొన్నారు. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లున్నారు, ఏడాదివాళ్లూ ఉన్నారు. ఆ అంకెల్ని చదివి ఊరుకోకుండా, వాటి వెనక ఇళ్లలో ఏం మాట్లాడుకుని ఉంటారో విన్నవాడు నాటకకర్త అయ్యాడు.

సాహిత్య విద్యార్థులు ఈ పనిని తమ ఇంటినుంచే ప్రారంభించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లు చెప్పే కథ రాసుకోండి. తరవాత రిజిస్ట్రారు ఆఫీసుకి, గ్రంథాలయానికి, ఆర్కైవ్స్‌కి వెళ్లండి. మీ తాత పొలం పట్టా దొరికితే, ఆ పొలంలో పనిచేసినవాళ్లెవరో ఊళ్లో అడగండి. వాళ్ల మనవలు ఇంకా అక్కడే ఉండవచ్చు. వాళ్ల పేర్లు కూడా మీ కుటుంబ చరిత్రలో రాయండి.