మాన్కోలి వానలు, స్వీడ్ బూట్లు

ముంబై-నాసిక్ రహదారిపై మాన్కోలి కూడలి నుండి భివండి ఎంతో దూరం కాదు. తెలంగాణ పల్లెల నుండి సాంచాల పనికి తరలిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పట్టణమది. ఇప్పుడు మాన్కోలి చుట్టూ సరుకుల గోదాములు విరివిగా వెలిశాయి. తండ్రి సాంచా నడిపితే కొడుకు గోదాములో పెట్టెలు మోసే ఇళ్ళూ కలవు. దసరాకు ఊరు చేరే అటువంటి కొడుకు కాళ్ళకు మెత్తని నూగు, చదునైన రబ్బరు అట్ట గల పాత నమూనా బూట్లు కనిపిస్తే, జత వేల రూపాయలని విన్న తల్లి ఇది తోలా, మఖమలు గుడ్డా అని అడగడం సహజమే.

అసలైనదైతే తోలే. పశుచర్మపు పై పొరతో నున్నని, మెరిసే బూటు తయారవుతుంది. మాంసాన్ని అంటిపెట్టుకొని ఉన్న లోపలి వైపును రాపిడి పట్టి నూగు లేపితే అది స్వీడ్. స్వీడన్ దేశపు చేతితొడుగులను ఫ్రెంచివారు పిలిచిన మాట నుండి ఈ పేరు వచ్చింది.

ఇవి మొదట ఆటగాళ్ళ బూట్లు. జర్మనీకి చెందిన ప్యూమా సంస్థ తన స్వీడ్ జోడును 1968లో విడుదల చేసింది. ఆ అక్టోబరులోనే మెక్సికో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు గెలిచిన నల్లజాతి అమెరికన్ టామీ స్మిత్, మూడవవాడైన జాన్ కార్లోస్ బూట్లు విడిచి, నల్ల మేజోళ్ళతో బహుమతి వేదికపై పిడికిలెత్తి నిలిచారు. వట్టి మేజోళ్ళు తమవారి పేదరికానికి గుర్తు. వేదికపై వారు పెట్టినవి ప్యూమా బూట్లే. తరువాత 1980ల నాటికి న్యూయార్క్ వీధి నృత్యకారులు స్వీడ్ బూట్లకు వెడల్పు లేసులు కట్టి వాడుక చేశారు. అర్ధశతాబ్ది దాటినా ఆకృతి పెద్దగా మారలేదు. ఏ దుస్తులకైనా అమరుతుంది, తోలు మెత్తన గనుక కొత్తలో కరవడమూ తక్కువ. మోజుకు ఈ రెండు కారణాలు చాలు.

అయితే ఆ నూగే దాని బలహీనత. సాంచాల కార్ఖానాలో తేలే దూది ధూళిని ఇట్టే పట్టుకొంటుంది. కొంకణపు వానలో తడిస్తే మరకలు నిలిచిపోతాయి. పాలిష్, నూనె పూస్తే నూగు అణగి అందం పోతుంది.

కొనేముందు లోపలి గుర్తు చూడాలి. ఐరోపాలో 1994 నాటి నిబంధనతో వచ్చిన గుర్తులు ఇక్కడి బూట్లపైనా కొన్నిటికి ఉంటాయి. పరచిన చర్మం బొమ్మ తోలుకు, అల్లిక బొమ్మ గుడ్డకు, వట్టి వజ్రాకారం ఇతర పదార్థాలకు. గుడ్డతో చేసిన నకలు చెడ్డదని కాదు, తోలు ధర చెల్లించడమే నష్టం.

బురద పడితే వెంటనే తుడవరాదు, ఎండనిచ్చి పాత పళ్ళ బ్రష్‌తో రాల్చాలి. చిన్న మరకకు పెన్సిలు రబ్బరు పనిచేస్తుంది. తడిస్తే పాత పత్రికలు కుక్కి నీడన ఆరబెట్టాలి, పొయ్యి పక్కన పెడితే తోలు బిరుసెక్కుతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు మాన్కోలిలో రబ్బరు చెప్పులే మేలు. స్వీడ్ జోడు పెట్టెలో ఉండి దసరా ప్రయాణానికి బయటికి వస్తే చాలు.