అటకమీది తాటాకులు: గ్రామ చరిత్రకు ఆధారములు

మన గ్రామమునకు ఈ పేరు ఎట్లు వచ్చినది? ఊరి చెరువును త్రవ్వించినది ఎవరు? దేవాలయమునకు మాన్యములిచ్చిన ప్రభువులెవ్వరు? పిల్లలు ఇట్లడిగినపుడు పెద్దలు తాము విన్న కథలు చెప్పుదురు. కాని అనేక గ్రామముల విషయమున ఈ ప్రశ్నలకు రెండువందల సంవత్సరముల క్రిందటనే వ్రాసిపెట్టిన సమాధానములు కలవు. వానికి గ్రామ కైఫీయతులని పేరు. చెన్నై నగరమందలి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున అవి భద్రపరుపబడియున్నవి. అవి అచ్చటికి ఎట్లు చేరినవో, ఎట్లు నిలిచినవో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మేలు. ఏలయన, అట్టి వ్రాతలు నేటికిని మన యిండ్ల అటకలపై మిగిలియుండవచ్చును. వానిని కాపాడు భారము మనదే.

కైఫీయతులు పుట్టిన విధము

కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశీయుడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మద్రాసుకు వచ్చెను. భూములను కొలిచి పటములు తయారుచేయుట ఆయన వృత్తి. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. భూమిని కొలిచినంత మాత్రమున చాలదు, ఆ భూమిపై నివసించు ప్రజల చరిత్రయు తెలియవలెనని ఆయన తలంచెను. అయితే ఆయనకు దేశభాషలు రావు. ఆ కొరతను తీర్చినవారు తెలుగువారైన కావలి సోదరులు.

వారిలో కావలి వెంకట బొర్రయ్య పలు భాషలు నేర్చినవాడు. ఆయనయు, ఆయన క్రింద పనిచేసిన పండితులును ఊరూర తిరిగి శాసనములకు నకళ్లు తీసిరి. కరణముల యొద్దనున్న దండకవిలెలను చదివించుకొని, వృద్ధులనడిగి, గ్రామ వృత్తాంతములను వ్రాసికొనిరి. ఈ పని సులభముగా సాగలేదు. మాన్యముల లెక్కలు చూపినచో కంపెనీవారు పన్నులు వేయుదురేమోయని జంకిన కరణములును కలరు. అట్టివారికి నమ్మకము కలిగించి పని సాధింపవలసివచ్చెను. బొర్రయ్య 1803లో చిన్న వయస్సుననే మరణించెను. పిమ్మట ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను.

1821లో మెకంజీ మరణించెను. ఆయన సేకరణమును కంపెనీ ప్రభుత్వము కొనినది. 1828లో కలకత్తాలో విల్సన్ పండితుడు ప్రకటించిన పట్టికనుబట్టి అందు 1,568 గ్రంథములు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనముల నకళ్లు, 6,218 నాణెములు ఉండెను. కొంత భాగము లండనుకు పోయినది. దక్షిణదేశ భాషలలోనివి చాలవరకు మద్రాసుకు చేరినవి.

ఒక కైఫీయతును విప్పి చూచినచో గ్రామము పేరు పుట్టుక, దేవాలయముల స్థాపన, చెరువులు, మాన్యములు, పాలించిన ప్రభువుల వరుస, పన్నుల వివరములు మొదలగునవి కనబడును. ఆనాడు కరణములు చూపిన దండకవిలెలలో అధికభాగము నేడు కానరాదు. వాని సారము కైఫీయతులందు మాత్రమే మిగిలినది. కడప, గుంటూరు మొదలగు జిల్లాల కైఫీయతులు కొన్ని అచ్చయినవి. తమ గ్రామపు కైఫీయతు అందున్నదేమో సభ్యులు విచారించి తెలిసికొనవచ్చును.

బ్రౌను చేసిన మేలు

గ్రంథాలయమునకు చేరినంత మాత్రమున గ్రంథము చిరంజీవి కాదు. మెకంజీ సేకరించిన కాగితములును కొలదికాలమునకే శిథిలము కాజొచ్చినవి. ఆ సమయమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను తెలుగు అభిమాని వానిలో జీర్ణమగుచున్న స్థానిక చరిత్రలకు మరల ప్రతులు వ్రాయించెను.

బ్రౌను 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. తెలుగు గ్రంథములు చాలవరకు తాటాకులపైననే యుండి, తప్పులతో నిండి, పురుగులపాలగుచుండుట చూచెను. తన బంగళాలో పండితులను నియమించి సొంత ధనముతో జీతములిచ్చెను. ఒకే గ్రంథమునకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. ఆయన నిఘంటువులు నేటికిని మనకు ఉపకరించుచున్నవి. ఆయన సేకరణమును మద్రాసు భాండాగారమునకే చేరినది. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును నడచుచున్నవి.

దీనినిబట్టి ఒక విషయము స్పష్టమగుచున్నది. తాటాకు శాశ్వతము కాదు, కాగితము శాశ్వతము కాదు. ఒక ప్రతి నశించుటకు పూర్వమే మరియొక ప్రతి ఏర్పడినప్పుడే గ్రంథము బ్రదుకును.

తాళపత్ర గ్రంథము

మన దేశమున తాటియాకులు, శ్రీతాళపుటాకులు వ్రాతకు వాడెడివారు. తాటియాకు మందము, పెళుసు. శ్రీతాళపుటాకు పలుచన, మెత్తన. ఆకులను కోసి, ఈనెలు తీసి, నీట ఉడికించి, నీడను ఆరబెట్టి, నునుపుచేసి, ఒకే కొలతకు కత్తిరించెడివారు. ఇనుప గంటముతో అక్షరములను ఆకుపై గీయుటయే వ్రాత. గీసిన వెంటనే అక్షరములు స్పష్టముగా కనబడవు. దీపపు మసిని, ఆకు పసరును పూసి తుడిచినచో గీతలలో నలుపు నిలిచి అక్షరములు తేటపడును. పిదప ఆకులకు రంధ్రము చేసి, త్రాడు గ్రుచ్చి, పైన క్రింద చెక్కపలకలుంచి, గుడ్డలో చుట్టి కట్టెడివారు.

గ్రంథాంతమున లేఖకుడు తన పేరును, వ్రాత ముగించిన సంవత్సరము, మాసము, తిథియు వ్రాయుట వాడుక. కావున కట్టలోని చివరి ఆకు మిక్కిలి విలువైనది. అది పోయినచో గ్రంథపు వయస్సు చెప్పుట కష్టము.

పూర్వులు కాగితముపై రంగులతోను బంగారముతోను అలంకరించిన గ్రంథములు కూడ కలవు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమునందు అరబ్బీ, పారసీ, ఉర్దూ భాషల వ్రాతప్రతులు వేలకొలదిగా నున్నవి. వానిలో బంగారు పనితనముగల ఖురాను ప్రతులను చూచినవారు వాని అందమును మరువజాలరు. మన అటకమీది కట్టకు అట్టి సొగసు ఉండదు. అందుచేతనే దానిని చెత్తయని తలంచుట జరుగుచున్నది. బంగారు గ్రంథమును దొంగ సయితము గౌరవించును. ఊరి లెక్కలు, వైద్య యోగములు, భాగవతుల పాటలు వ్రాసిన మసిపట్టిన ఆకులను గౌరవింపవలసినది ఊరివారే.

నాశనమునకు కారణములు

చెదలు, రామబాణపు పురుగులు, ఎలుకలు, వాన కారుట, తేమ ఈ గ్రంథములకు ప్రధాన శత్రువులు. పూర్వము కొన్ని యిండ్లలో పొయ్యి పొగ తగులుచోట ఈ కట్టలను ఉంచెడివారు. ఆ పొగకు పురుగులు చేరెడివి కావు. నేడు వంటయిండ్లు మారినవి, పొగ పోయినది, కట్టలు మాత్రము అటకపైననే యున్నవి. 1984లో కరణపు ఉద్యోగములు రద్దయిన పిమ్మట ఆ కుటుంబములలోని పాత లెక్కలను పట్టించుకొనువారును తగ్గిరి. చదువ తెలియదని కొందరు కట్టలను నదిలో కలుపుదురు. పాత యిల్లు పడగొట్టునపుడు కొన్ని మట్టిలో కలియును. కొన్ని పాత సామానుల వ్యాపారికి పోవును.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదట గ్రామసభలో ఈ విషయము ప్రస్తావించి, ఎవరి యింట తాటాకు గ్రంథములు, పాత వ్రాతప్రతులు కలవో పట్టిక వ్రాయించవలెను. ఇది స్వాధీనము చేసికొనుటకు కాదని, సొత్తు యజమానిదేయని ముందుగనే విశదముగా చెప్పవలెను. నాడు కరణములు జంకినట్లే నేడును కొందరు జంకవచ్చును. నమ్మకమే ఈ పనికి మూలధనము.

రెండవది, ఉన్నవానిని చెడకుండ చూచుట. కట్టను పొడిగా, గాలి తగులుచోట ఉంచి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టవలెను. ఎండలో పెట్టరాదు, నీటితో కడుగరాదు. అంటుకొనిన ఆకులను బలవంతముగా విడదీయరాదు. విరిగిన ఆకులకు జిగురు కాగితములు అంటింపరాదు. ఏ నూనె పూయవలెనో నిపుణులే నిర్ణయింపవలెను. ఆకుల వరుస మార్చరాదు.

మూడవది, ప్రతి తీయించుట. బ్రౌను కాలమున పండితులు నెలల తరబడి చేసిన పనికి నేడు సెల్‌ఫోను కొంతవరకు తోడ్పడును. ప్రతి ఆకును రెండువైపుల, వరుస తప్పకుండ, వెలుతురున ఫోటో తీయించవలెను. ఈ పనికి పాఠశాల ఉపాధ్యాయుల సహాయము కోరవచ్చును.

నాలుగవది, నిపుణులకు తెలియజేయుట. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు మనము గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాము. కావున జిల్లా గ్రంథాలయ సంస్థను సలహా అడుగుట మన హక్కు. హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమును, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థయు ఇట్టి గ్రంథములను భద్రపరచుచున్నవి. వ్రాతప్రతుల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వము 2003లో ఒక జాతీయ పథకమును ప్రారంభించినది. కోటికి పైగా వ్రాతప్రతుల సర్వే, సంరక్షణ లక్ష్యముగా జ్ఞాన భారతం అను కార్యక్రమమును 2025-26 బడ్జెట్టులో ప్రకటించినది.

ఒక హెచ్చరికయు అవసరము. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము, చారిత్రక లేక సాహిత్య విలువగలిగి డెబ్బదియైదు సంవత్సరములు నిండిన వ్రాతప్రతి పురావస్తువగును. దానిని ప్రయివేటు వ్యక్తులు విదేశములకు పంపుట నేరము. ఊరికి వచ్చి తక్కువ ధరకు కట్టలు కొనజూచువారి విషయమున సభ్యులు మెలకువగా నుండవలెను.

రెండువందల సంవత్సరముల క్రిందట బొర్రయ్య ఊరూర తిరిగి అడిగినందువలన అనేక గ్రామముల కథ నిలిచినది. ఆయన అడుగని ఊళ్లును, ఆయనకు చూపని కట్టలును ఎన్నియో కలవు. వానిని అడిగి చూచువారు ఇప్పుడు ఆ ఊరి పంచాయతీ సభ్యులే కావలెను. రాబోవు వానకాలమునకు ముందే ఆ అటకలు వెదకించుట మంచిది.