కాబోయే తండ్రికి అప్పగించవలసిన పనులు

ఇండోనేషియా భాషలో ‘సువామి’ అంటే భర్త. మన ‘స్వామి’ శబ్దమే సముద్రం దాటి అక్కడ ఆ రూపం ధరించింది. ‘సియాగా’ అంటే అప్రమత్తత. 1990వ దశకం చివర ఆ దేశంలో ‘సువామి సియాగా’ అనే ప్రసూతి ఆరోగ్య ప్రచారోద్యమం మొదలైంది. ‘సియాగా’ అనే ఆ మాటనే మూడుగా విడదీసి సియాప్, అంతర్, జాగా అన్నారు. అనగా సిద్ధంగా ఉండు, తీసుకువెళ్ళు, కనిపెట్టి ఉండు. భార్యను గౌరవించమనీ ప్రేమించమనీ ఉపదేశించక, పురుషుడికి మూడు పనులు అప్పగించడం ఇందులోని విశేషం. కర్మాగారంలో షట్‌డౌన్‌కు ముందు ఎవరి పని ఏదో రాసి చేతికివ్వడం అలవాటైన మనవంటి వారికి ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది.

ప్రచారాన్ని చూసినవారిలో, విన్నవారిలో ప్రసూతి ప్రమాదాల గురించిన అవగాహన, కాన్పుకు ముందస్తు ఏర్పాట్లు మెరుగ్గా ఉన్నట్లు అనంతర పరిశీలనలు తెలిపాయి. ఆ సందేశాన్ని గురించి ఇతరులతో మాట్లాడటం కూడా అందుకు బలమైన తోడ్పాటు అయిందన్నది గమనార్హం. గోడమీది ప్రకటన నలుగురి సంభాషణలోకి దిగినప్పుడే దానికి బలం చేకూరుతుంది.

పురుషుడి చేతిలో ఉన్నదేమిటి? మాతృమరణాలకు దారితీసే మూడు జాప్యాలను థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో వివరించారు. వైద్యం కోసం వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, ఆసుపత్రికి చేరడంలో జాప్యం, చేరాక తగిన చికిత్స అందడంలో జాప్యం. మూడవది వైద్యశాలలకు సంబంధించినది. మొదటి రెండూ మాత్రం చాలావరకు ఇంటి వ్యవహారాలు. డబ్బు, వాహనం, ‘పద’ అనే మాట సాధారణంగా మగవారి చేతిలోనే ఉంటాయి. కాన్పు తరువాత అధిక రక్తస్రావమైతే కొద్ది గంటలలోనే ప్రాణం మీదికి రావచ్చు.

అయితే ప్రచారం సర్వరోగ నివారిణి కాదు. నేపాల్‌లోని కాఠ్మాండూ ప్రసూతి ఆసుపత్రిలో 442 మంది గర్భిణులపై జరిగిన అధ్యయన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఆరోగ్యబోధను కొందరు భర్తతో కలిసి పొందారు, కొందరు ఒంటరిగా పొందారు, మరికొందరు అసలే పొందలేదు. భర్తతో కలిసి విన్నవారు కాన్పు తరువాతి పరీక్షలకు ఎక్కువగా వచ్చారు. బోధ పొందనివారితో పోలిస్తే, కాన్పుకు ముందు మూడుకు మించి ఏర్పాట్లు చేసుకున్నవారు వీరిలో దాదాపు రెట్టింపు. కాని ఆసుపత్రిలో ప్రసవించడంలో మాత్రం మూడు వర్గాల మధ్య తేడా కనబడలేదు. ఈ రెండవ అంశాన్ని దాచకుండా చెప్పడమే న్యాయం.

మన దేశంలో 2001-03లో లక్ష సజీవ జననాలకు 301గా ఉన్న మాతృమరణాల నిష్పత్తి 2018-20 నాటికి 97కు తగ్గింది. 2005లో ఆరంభమైన జననీ సురక్షా యోజన, అదే ఏడు ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనాలు ప్రసూతిని ఆసుపత్రి ముంగిటికి చేర్చడానికి తోడ్పడ్డాయి. కాని మన తెలుగునాట ఒక చిక్కు ఉంది. తొలికాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపడం మన ఆచారం. భర్తను ఉద్దేశించిన ప్రకటన అత్తవారి ఊరి గోడమీద ఉంటుంది. నొప్పులు వచ్చిన రాత్రి ఆమె దగ్గర ఉండేది తండ్రి, అన్నదమ్ములు. ఇండోనేషియాలో భర్తతో ఆగక ఇరుగుపొరుగునూ, మంత్రసానినీ, తుదకు ఊరంతటినీ ‘సియాగా’లో చేర్చారు. మన ప్రచారకులు మామగారికీ బావమరిదికీ కూడా కొన్ని పనులు అప్పగించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పురుషుల భాగస్వామ్యాన్ని సిఫారసు చేస్తూనే స్త్రీ ఇష్టానికీ స్వేచ్ఛకూ భంగం కలుగరాదన్న షరతు పెట్టింది. భర్త పరీక్షల గదిలోకి రావాలా వద్దా అన్నది ఆమె నిర్ణయమే.

ఇద్దరికన్నా తక్కువమంది పిల్లలున్న కేంద్ర ప్రభుత్వ పురుష ఉద్యోగులకు 1997 నుంచి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. అనేక ప్రభుత్వ రంగ సంస్థలు కూడా దీనిని అనుసరించాయి. టౌన్‌షిప్‌లలో ఈ సెలవు ఎక్కువగా బారసాలకే ఖర్చవుతుంది. నిబంధన ప్రకారం దానిని కాన్పుకు ముందు కూడా వాడుకోవచ్చు. షిఫ్టు డ్యూటీలో ఉన్న యువ సహోద్యోగులు అందులో రెండు రోజులు ముందుగానే తీసుకుని అత్తవారి ఊరికి వెళ్ళవచ్చు. భార్య రక్తవర్గం ఏది, అదే వర్గం రక్తం ఇవ్వగలవారు ఎవరు, అర్ధరాత్రి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, ఏ వాహనం దొరుకుతుంది అన్నవి మామగారితో కూర్చుని తేల్చుకోవడానికి ఆ రెండు రోజులు సరిపోతాయి.